నవ్వకూడని బల్ల

మా మేనత్త ప్రెస్సులో ఒక బల్ల ఉంది. దాని ముందు కూర్చుని ఎవరూ నవ్వకూడదు. నవ్వితే కన్ను వరస తప్పుతుంది, తప్పు అచ్చయిపోతుంది. అందుకే ఆవిడ రాతప్రతిని కామాలతో సహా పైకి చదువుతుంటే, నేను మొహం గంటు పెట్టుకుని ప్రూఫు దిద్దుతాను.

ఆ వేళ బల్ల మీదున్నది నాన్న పుస్తకం. నాన్న పశువుల డాక్టరు. సూది పొడిపించుకునే కుక్క కంటే దాని యజమానే ఎక్కువ వణుకుతాడని, వాళ్ళ కోసం జంతువుల మీద జోకులు అల్లేవాడు. రిటైరయ్యాక అవన్నీ పోగేసి వాళ్ళక్క చేతిలో పెట్టాడు.

"నవ్వు రాకపోతే మాత్రం వెయ్యనురా. తమ్ముడివైనా సరే," అంది అత్తయ్య.

ఆ ముక్క విన్నప్పటి నుంచి నాన్నకు అన్నం సయించలేదు. నా పరీక్షలప్పుడు కూడా ఇంత హైరానా పడలేదు మహానుభావుడు! ఇంటికెళ్ళమంటే వినకుండా తడిక అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అత్తయ్య మొదలుపెట్టింది. "భర్త, కోలన్. పాలేవీ, ప్రశ్నార్థకం. భార్య, కోలన్. పిల్లి పాలు తాగింది, ఫుల్‌స్టాప్. భర్త, కోలన్. పిల్లిపాలు, కలిపెయ్. తాగితే తాగింది, కామా. మన పాలేవీ, ప్రశ్నార్థకం."

ఆ గొంతుతో చదివితే కరెంటు బిల్లు ఇంతకంటే సరదాగా ఉంటుంది.

"ఒకడు పరుగెత్తుకొచ్చి, డాక్టర్ కుక్క కరిచింది, ఆశ్చర్యార్థకం. డాక్టర్ తర్వాత కామా లేదు, పెట్టకు. డాక్టరు, కోలన్. నాకు కుక్కే లేదయ్యా, ఆశ్చర్యార్థకం."

తడిక అవతల కుర్చీ కిర్రుమంది. నాకు ప్రాణం ఉసూరుమంది. వెళ్ళి సర్దిచెబుదామంటే, చదువు మధ్యలో బల్ల వదలడం ఇక్కడ నేరం.

"చిన్నది బోను వైపు వేలు చూపించి, అదిగో కోతి నాన్నా. ఇక్కడా కామా లే..."

గొంతు ఆగిపోయింది. తలెత్తేసరికి అత్తయ్య పెదవి కొరుక్కుంటోంది. కాగితం నా మీదకు విసిరేసి వెనక గదిలోకి ఉరికింది.

నాన్న అప్పటికే సంచి భుజానికి తగిలించుకున్నాడు. "విసుగొచ్చి లేచి వెళ్ళిపోయింది కదూ? పోనీలేమ్మా. ఆ కాగితాలు ఇలా ఇచ్చెయ్."

ఇంతలో వెనక గదిలోని కాగితం కట్టల చాటు నుంచి కిచకిచలు మొదలయ్యాయి. అవి పెరిగి పెద్దవై ప్రెస్సంతా మోగింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ ప్రూఫు చింపెయ్యవే. మళ్ళీ మొదటి నుంచి చదవాలి. పాల దగ్గర్నుంచీ ఏం చదివానో నాకే తెలీదు."

"అంటే?" అన్నాడు నాన్న.

"అంటే ఏంట్రా, నీ మొహం! ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర కాపాడుకున్న పరువు ఒక్క పూటలో తీసేశావు."

నాకు ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది. నాన్న సంచి దించి, "ఆ కోతిది ఇంకోసారి చదువక్కా," అన్నాడు, కొత్తగా బడికెళ్ళిన పిల్లాడిలా సిగ్గుపడుతూ.

అత్తయ్య కాగితం అందుకుంది. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది.

"నా వల్ల కాదు," అంది. "నువ్వే చదివి అచ్చుకి పంపించెయ్యవే."