గేటు దగ్గర ట్యాంకరు

మధ్యాహ్నం పన్నెండయినా ఉప్పుమడుల వీధి బడిలో ఒక్క ఓటూ పడలేదు. వీధిలో ఉన్నవి రెండు వందల పది ఓట్లు. కుళాయి వేసేదాకా ఎవరికీ ఓటు వేసేది లేదని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడే నేల అది. నాలుగు రోజులకోసారి రావలసిన నీళ్ళ ట్యాంకరు జాడ ఆరు రోజులుగా లేదు. అది రానినాడు క్యాను నీళ్ళు కొంటే రోజుకూలిలో నాలుగో వంతు అక్కడే పోతుంది.

పోలింగు ఆఫీసరు పొద్దుటి నుంచి ఈగలు తోలుకుని, చివరికి మొహమాటం విడిచి గుమ్మంలోకి వచ్చాడు.

“అమ్మా, కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా?”

గోడ నీడన కూర్చున్న ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

“మేమూ అయిదేళ్ళ నుంచి అదే అడుగుతున్నాం సారూ,” అంది పార పెద్దమ్మ. అందరూ గొల్లున నవ్వారు.

మగవాళ్ళతో సమానంగా పార పట్టి ఉప్పు లాగుతుందని ఆమెకా పేరు. ఓట్లు మానేద్దామని మొదట అన్నది ఆమే. ఇంట్లో కూతురు పురుడు పోసుకుని వారమయింది. కుండలో అడుగున చెంబెడు నీళ్ళున్నాయి.

ఆ నవ్వులు ఆగకముందే ట్యాంకరు వచ్చింది. వీధిలోకి రాకుండా బడి గేటు పక్కనే ఆగిపోయింది. కౌన్సిలరు బావమరిది దిగాడు.

“వేలికి సిరా ఉన్నవాళ్ళకి రెండేసి బిందెలు. ఎవరికి వేశారో నేనడగను. అసలు ఓట్లే పడకపోతే మా బావ పరువేం కావాలి?”

పెద్దమ్మ డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. “తమ్ముడూ, ఇంట్లో బాలింత ఉందిరా. ఒక్క బిందె పట్టనియ్యి.”

“నా చేతిలో ఏముందక్కా. ట్యాంకు తాళం ఆయన దగ్గరుంది,” అన్నాడతను తల దించుకుని.

ఆఫీసరు వంక చూసింది. “గేటు బయట జరిగేది నా పరిధిలోకి రాదమ్మా,” అని అతను ట్యాంకరు వంక చూసి గుటక వేశాడు.

నీళ్ళు అడిగినవాళ్ళ నోరు నీళ్ళతోనే మూయించడం! ఎంత తెలివయినవాళ్ళు వీళ్ళు.

ఇంటికొచ్చి చూస్తే కూతురి పెదాలు పగిలి ఉన్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. పసిగుడ్డు పాలు రాక ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. కుండలో చెంబెడు నీళ్ళు కూడా అయిపోయాయి. పెద్దమ్మ రెండు బిందెలు చంకనెత్తుకుంది.

బడి గోడ పక్కగా వెళ్తుంటే పక్కింటి కోడలు, “మాట అన్నది నువ్వే కదా పెద్దమ్మా,” అంది.

“నేనేనే. తిట్టండే నన్ను.”

ఎవరూ తిట్టలేదు. ఒక్కరయినా చెయ్యి పట్టుకుని ఆపుతారేమోనని ఆమె గేటు దాకా మెల్లగా నడిచింది. ఎవరూ ఆపలేదు.

తిరిగొచ్చి గ్లాసులో నీళ్ళు పోసి కూతురి నోటికి పెట్టబోయింది. కూతురు తల్లి వేలి మీది సిరా చూసింది.

“పిల్లకి ఒళ్ళు తుడువు. నాకొద్దు.”

“నువ్వు తాగకపోతే దానికి పాలెక్కడివే తల్లీ?”

“నాకొద్దన్నాను కదా.” కూతురు గోడ వైపు తిరిగింది.

వీధిలో ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగులుతూ బడి వైపు వెళ్తున్నాయి. పెద్దమ్మ లెక్కపెట్టబోయి మానేసింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

“తాగవే,” అంది మళ్ళీ.