మూడో టర్బో

వదిన బండి మూడోసారి షెడ్డు గేటు దగ్గరికి వచ్చేసరికి మెకానిక్‌కి చేతిలో ఉన్న పానా విసిరికొట్టాలనిపించింది. బండి కనపడకముందే దాని గొంతు వినపడింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా తోక నలిగిన పిల్లిలా కీచుమంటోంది. వెనకాల నీలంగా పొగ.

వదిన అంటే సొంత అన్నయ్య భార్య. పశువుల డాక్టరు. కొండవాలునున్న పశువుల పాకలన్నీ ఆవిడే చూసుకోవాలి. మామూలు కార్లు ఎక్కలేని దారులు కాబట్టి నాలుగు చక్రాలూ లాగే డీజిల్ బండి కొనిపించింది అతనే. అదీ అసలు బాధ. ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఎనిమిది నెలల్లో రెండుసార్లు కాలిపోయింది. అది పోతే బండి చదునులో పరవాలేదు గానీ, ఎత్తు రాగానే ముసలమ్మలా ఆయాసపడుతుంది.

మొదటిసారి ఆయిల్ ఆలస్యంగా మార్చారని సరిపెట్టాడు. రెండోసారి ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నప్పుడు, కొండ ఎక్కి ఎక్కగానే వదిన ఇంజన్ ఆపేస్తుందనీ, వేడి మీదున్న టర్బో చల్లారడానికి రెండు నిమిషాలు కూడా ఇవ్వదనీ చెప్పాడు. పైగా, ఆవిడ చేతిలో పడితే రోడ్డు రోలరైనా బతకదన్నాడు. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా వాచీ చూసుకుంటూ రెండు నిమిషాలు కూర్చుని మరీ ఇంజన్ ఆపుతోంది. మూడు నెలలకి మళ్ళీ పోయింది.

ఈసారి ఆవిడ తాళాలిచ్చి వెళ్ళిపోలేదు. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బానెట్ పక్కనే వేసుకుంది. విప్పేదంతా చూస్తానంది.

పని చేస్తుంటే పక్కన ఎవరైనా నిలబడితేనే అతనికి ఒళ్ళు మండుతుంది. ఈవిడ కూర్చుంది, పైగా ప్రశ్నలు. ఇదేమిటి, అదెందుకు, ఇది వేడెక్కుతుందా. ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాడు, శుభ్రంగా ఉంది. రబ్బరు గొట్టాలు వేళ్ళతో తడిమాడు, ఎక్కడా చీలిక లేదు. గాలి లోపలికెళ్ళే పైపు ఊడదీసి టర్బో ఇరుసుని వేలితో కదిపితే ఊడబోయే పన్నులా ఊగింది. రెక్కల అంచులు గోడకి రాసుకుని అరిగిపోయాయి. అంటే మూడోదీ పోయింది.

దాన్ని దించి బల్ల మీద పెట్టాక, పాత రెండూ ఏవని అడిగింది వదిన. తుక్కు డబ్బాలోంచి వెతికి తెచ్చేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. విప్పి న్యూస్‌పేపర్ మీద వరసగా పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసింది. మూడు ఇరుసులూ ఒకే చోట నల్లగా, నీలంగా కమిలిపోయి ఉన్నాయి.

"మూడూ ఒకే జబ్బుతో పోయాయి కదా," అంది.

ఆయిల్ అందక కాలిపోయాయని ఒప్పుకున్నాడు. కానీ ఎందుకు అందలేదో చెప్పమంటే విసుక్కున్నాడు. ఆయిల్ నిండుగా ఉంది, ఫిల్టర్ కొత్తది, ప్రెషర్ సరిగ్గానే చూపిస్తోంది. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపుని, టర్బో మార్చిన ప్రతిసారీ ఊది చూశాడు. కావాలంటే చూసుకోమని టర్బో వైపు కొసని నోట్లో పెట్టుకుని ఇంకోసారి ఊదాడు. అడ్డం లేకుండా గాలి పోయింది. ఇంక చెప్పడానికేం లేదన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

వదిన కాసేపు ఆ పైపునే చూసింది. "ఆయిల్ ఎటునుంచి ఎటు వెళ్తుంది?"

"ఇంజన్ నుంచి టర్బోకి."

"మరి నువ్వు ఊదింది?"

టర్బో కొస ఎదురుగా ఉంటుంది, చేతికి అందుతుంది. రెండో కొస ఇంజన్ వెనకాల, మనిషి చెయ్యి దూరని సందులో ఉంటుంది. అందుకే ప్రతిసారీ ఇటునుంచే ఊదాడు. గొణుక్కుంటూ ఆ సందులో చెయ్యి పెట్టాడు. వేళ్ళ కణుపులు దోక్కుపోయాయి. బోల్టు రెండుసార్లు జారి ఇంజన్ కింద ఎక్కడో పడింది. గంట తర్వాత పైపు మొత్తం బయటికొచ్చింది. ఇంజన్ వైపు కొసని నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి సన్నగా తప్ప కదల్లేదు.

టార్చి వేసి చూస్తే లోపల గోరంత ఎర్రటి పొర. ఒక అంచు అతుక్కుని, రెండో అంచు తలుపులా ఆడుతోంది. ఇటునుంచి ఊదితే తెరుచుకుంటుంది, అటునుంచి ఆయిల్ తోస్తే మూసుకుని బొట్టు బొట్టుగా మాత్రమే వదులుతుంది. వదిన తన మందుల సంచిలోంచి పట్టకారు తీసిచ్చింది. దాంతో లాగి అరచేతిలో వేసుకున్నాడు. రబ్బరులా సాగింది.

అదేంటో అతనికి చూడగానే తెలిసింది. ఏడాది కిందట ఆ జాయింటు దగ్గర ఆయిల్ చెమ్మ కనపడితే, కొత్త రాగి వాషర్ వెయ్యాల్సింది పోయి, బద్ధకించి లీకు ఆపే ఎర్ర పేస్టు పూసి బిగించాడు. ఎక్కువైన పేస్టు లోపలికి పొంగింది. ఆయిల్లో చెత్త చేరిందని చెప్తే సరిపోతుంది, వదినకేం తెలుస్తుంది? ఆ ఆలోచనతోనే చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. మూడు నెలలుగా వాచీ చూసుకుంటూ బండిలో కూర్చున్న మనిషి ఎదురుగా ఉంది.

"నేను పూసిన పేస్టే వదినా. తప్పు నాది."

ఆవిడ కళ్ళజోడు తీసి మడిచింది. "నాకు డ్రైవింగే రాదేమో అనుకున్నాను. ఘాట్ రోడ్డు ఎక్కాలంటే భయమేసేది."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. అందరి ముందూ అన్నాడు కాబట్టి, నిజం కూడా ఇంట్లో చెప్పాలని మాత్రం ఆవిడ పట్టుబట్టింది. అతని తల్లికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచింది. అతను పేస్టు సంగతి మొదట్నుంచీ చెప్పాడు. అంతా విన్న తల్లి, "వెధవ పని చేసి కోడల్ని అన్నావా," అని ఫోన్ పెట్టేసింది.

పక్క సందులోని షాపు నుంచి కొత్త టర్బో, కొత్త పైపు, కొత్త బోల్టు, రాగి వాషర్లు తెచ్చాడు. టర్బోకి తగిలించేముందు ఇంజన్ తిప్పి, పైపులోంచి వచ్చే ఆయిల్‌ని గ్లాసులో పట్టి చూపించాడు. ఎవరూ అడగలేదు, తనే చూపించాడు. సాయంత్రానికి బండి తయారైంది. ఎత్తు మీద చూద్దామని వదిన స్టీరింగ్ పట్టుకుంది, అతను పక్కన కూర్చున్నాడు. బండి మూడో గేరులోనే కొండ లాగేసింది. కీచుమనలేదు, పొగ లేదు.

పైమలుపు దాటుతుండగా ఆవిడకి ఫోన్ వచ్చింది. పైన ఒక పాకలో ఆవు ఈనలేక పొద్దుటి నుంచి అవస్థ పడుతోందట. ఆవిడ బండి వెనక్కి తిప్పలేదు. నన్ను దింపి వెళ్ళండి వదినా, షెడ్డు తీసే ఉందన్నాడు. టైం లేదు, దూడ కాళ్ళకి కట్టే తాడు లాగడానికి మనిషి కావాలంది ఆవిడ.

ఆ పాకలో మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, ఆవిడ లాగమన్నప్పుడు లాగాడు, ఆపమన్నప్పుడు ఆపాడు. మధ్యలో ఒకసారి సలహా ఇవ్వబోయి ఆవిడ చూపు చూసి ఊరుకున్నాడు. చీకటి పడకముందే దూడ బయటపడింది. దాని ముక్కు తుడుస్తూ, పొడి గోనె పట్రమ్మంది వదిన. ఒక చెప్పు బురదలోనే వదిలేసి గోనె కోసం పరిగెత్తాడు.