కూము నోట్లో తోడేలు

మా గోలియా కొండమీద బిడ్డకి పేరు పెట్టేది తల్లీ కాదు, తండ్రీ కాదు, కూము. చర్చిలో బిడ్డనెత్తుకునే ఆ పెద్దమనిషి నోటికి ఏదొస్తే అదే పేరు. తల్లి మాత్రం ఇంట్లో పొయ్యి ఊదుకుంటూ కూర్చోవాలి. ఈ ఆచారం పెట్టినవాళ్ల నోట్లో మన్ను పడ!

పేరుతోపాటే పేరులో ఉన్నదీ ఇంటికొస్తుంది కదా. స్టామెంకా పెద్దకొడుక్కి కూము రాదిసావ్ పెట్టిన పేరు గోలుబ్, అంటే పావురం. పావురం వచ్చి చూరుమీద వాలింది. చలికాలం రాగానే ఎగిరిపోయింది, వెనకే బిడ్డా పోయాడు. రెండోవాడికి త్స్వెత్కో అని పెట్టాడు. గుమ్మం పక్కన పువ్వు పూసింది. పువ్వు ఎన్నాళ్లుంటుంది?

మూడోవాడు పుట్టిన దగ్గర్నుంచీ దగ్గే. బాప్తిస్మం రోజు పొద్దున్నే స్టామెంకా కూముకి అడ్డంగా నిలబడింది.

"ఈసారి వూక్ అని పెట్టు కూమూ. ఇంట్లో తోడేలుంటే ఏ దయ్యమూ గడప తొక్కదు."

"నీకేం, ఎన్నైనా చెప్తావ్! నా గొర్రెల మంద నీ గోడ పక్కనే ఉంది. తోడేలు గడ్డి తింటుందా?"

"పోనీ వుచ్కో అను. అది పిల్లే."

"పిల్ల పెరగదా?"

"వుకాషిన్? అది ముసలి తోడేలే."

"ఆ పేరున్న ఇంట్లో ఇప్పటికీ ఒక్క కోడి మిగల్దు. మిలున్ అని పెడతా. ముద్దుగా ఉంటుంది."

"నీ ముద్దు పేర్లతోనే ఇద్దర్ని మట్టిలో పెట్టాను!"

కూము మాటకి ఎదురు చెప్పడమే తప్పు, ఆమె అరిచింది కూడా. మొగుడు తలొంచుకుని టోపీ నలుపుతున్నాడు. ఆ టోపీ లాక్కుని పొయ్యిలో పడేద్దామన్నంత మండింది ఆమెకి. అందరూ బిడ్డని తీసుకుని వెళ్లిపోయారు.

స్టామెంకా రొట్టెపిండి మీద కసి తీర్చుకుంది. చర్చి గంట మోగింది. ఏం పేరు తగలేశాడో, ఖర్మ!

మనుషులకంటే ముందు తోడేలు వచ్చింది. పిల్ల కాదు, ముసలిదీ కాదు, నిండు తోడేలు. మూతికి ఉన్ని అంటుకుని ఉంది. ఆమె వంక చూడకుండా వెళ్లి ఉయ్యాల కింద పడుకుంది.

తర్వాత వచ్చాడు రాదిసావ్, బిడ్డని గుండెకి అదుముకుని, మొహం గంటు పెట్టుకుని.

"పేరేంటని ఫాదర్ అడిగేసరికి వీడు నా వేలు పట్టుకున్నాడు. ఆ ఇద్దరికిలాగే చెయ్యి చల్లగా ఉంది. ఇంకేం చెప్పను? నా మంచి పొట్టేలు పోయింది, చూశావా?"

స్టామెంకా బిడ్డని ఉయ్యాల్లో వేసింది. కింద తోడేలు గుర్రుమంది. దగ్గు ఆగింది.

"మా గొర్రెల్లోంచి నీకో పొట్టేలిస్తా కూమూ," అంది ఏడుస్తూ.

"నీ మొహం. ముందు సారా పొయ్," అన్నాడు రాదిసావ్.

ఆ చలికాలమంతా అతను తన మంద దొడ్డికి గొళ్లెం వెయ్యలేదు.