కాలర్ పాఠానికి మూడు కంప్యూటర్లు

కుట్టు టీచరు క్లాసులో ముందు చెయ్యి కదులుతుంది. దాంతోపాటే పెదవులూ కదులుతాయి. గొంతు మాత్రం తీరుబడిగా వెనకాల వస్తుంది. ఎంత వెనకాల అంటే, ఒక గ్లాసుడు మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు కింద పెట్టేంత. కోపంలో ఉంటే ఇంకాస్త.

పుట్టినప్పటి నుంచీ అంతే. పుట్టగానే నోరు తెరిచిందట. నర్సు ఒళ్ళు తుడిచి, గుడ్డ చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టాక ఏడుపు వినిపించిందట. కొందరికి ఉంగరాల జుట్టు, కొందరికి ఎడమచేతి వాటం, ఈమెకి ఇది. కూరగాయలమ్మి ఆమె పెదవులు కదలడం చూసి, పక్కవాళ్ళ బేరం తెగ్గొట్టి, తీరిగ్గా ఇటు తిరిగేసరికి "వంకాయలు అరకిలో" అన్న మాట వస్తుంది. తూచి పోస్తుంది. అందులో వింతేముంది?

క్లాసులో ఆడపిల్లలకైతే అదే పద్ధతి అనుకునేంత అలవాటు. టీచరు కత్తెర ఎటు తిరిగిందో కళ్ళతో చూస్తారు, తమ గుడ్డ మీద తాము మొదలుపెడతారు. సరిగ్గా చెయ్యి తడబడే చోటికి వచ్చేసరికి "వంపు దగ్గర గుడ్డని తిప్పు, కత్తెరని కాదు" అని చెవిలో పడుతుంది. ఆ కుట్టు శిక్షణ కేంద్రంలో నేర్చుకున్నవాళ్ళు గుడ్డ పాడుచేయరని ఊళ్ళో పేరు.

పేరుదేముంది, నెలాఖరుకి కేంద్రం మూసేస్తున్నారు. ఆ గదుల్లోకి సోఫాలమ్మే కొట్టు వస్తోంది. ఇక టీచరుకి మిగిలినవి రెండే దార్లు. ఒకటి, ఊరి చివర రెడీమేడ్ చొక్కాల షెడ్డు: పొద్దున కూర్చుంటే చీకటిపడేదాకా గుండీలే, నేర్పడానికి ఎవరూ ఉండరు, నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. రెండోది, వీడియో పాఠాలు తయారుచేసే కంపెనీ. వాళ్ళకి ఒకే ఒక్క కుట్టు టీచరు కావాలట. ఒక నమూనా పాఠం తీసి పట్టుకురమ్మన్నారు. ఆమె చొక్కా కాలర్ కత్తిరించే పాఠం ఎంచుకుంది.

ఇక్కడితో కథ హాయిగా అయిపోయేది, ఆ ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మగాళ్ళు ఇద్దరు లేకపోతే.

ఒకడు ఆమె అన్న. పళ్ళెంలా పల్చటి, వెండిలా మెరిసే, ఖరీదైన కంప్యూటర్ అతనిది. దానికో మెత్తటి గుడ్డ ప్రత్యేకం, దాంతో అతను తన కళ్ళజోడు కూడా తుడుచుకోడు. రెండోవాడు ఆమె మొగుడు. పైసా పెట్టకుండా దొరికే సిస్టం వేసుకున్న పాత డబ్బా అతనిది. అందులో ఏం కావాలన్నా నల్ల తెర మీద పొడుగాటి ఆజ్ఞలు టైపు చేయాలి. అలా చేయాల్సి రావడమే దాని గొప్పతనమని అతని నమ్మకం. ప్రపంచంలో మామూలు మనుషులు వాడే మామూలు కంప్యూటర్ పేరెత్తితే మాత్రం ఇద్దరూ ఒకేలా మూతి విరుస్తారు. ఆ బావాబావమరుదులు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

ఆదివారం పొద్దున మొగుడు పాఠం రికార్డు చేశాడు. ఆమె పెదవులు ఆగగానే ఆపేశాడు. ఆఖరి వాక్యం పడలేదు. "ఈ రికార్డరు చివర్లో కోసేస్తోంది, పాత వెర్షనే నయం," అని విసుక్కుని రెండోసారి తీశాడు. మధ్యలో అతని ఫోనే మోగింది. ఆమె ఒక చూపు చూసి పాఠం కొనసాగించింది. ఈసారి ఎలాగో పూర్తిగా పడింది.

తర్వాత వేసి చూశారు.

అన్న కంప్యూటర్లో తెర నిండా నిగనిగలాడే నలుపు, మధ్యలో మర్యాదగా ఒక వాక్యం: ఈ ఫైలు తెరవడం కుదరదు. ఎందుకు కుదరదో చెప్పే అలవాటు దానికి లేదు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని ఇంటిపేరు అడిగి, నచ్చకపోతే తలుపేసే రకం.

"ఫైలు తప్పు రకంలో తీశావు బావా," అన్నాడు అన్న.

"ఫైలుకేం, రాయిలా ఉంది. నీ పళ్ళెంలో నీ కంపెనీ వండిందే వడ్డిస్తారు, అంతే," అన్నాడు మొగుడు.

అతని ప్లేయర్ తెరిచింది. అది ఏదైనా తెరుస్తుంది, ఆడించే మీట ఎక్కడుందో కనిపెట్టగలిగితే. మెనూలో మెనూ, అందులో ఇంకో మెనూ, అటకమీద సామాను వెతుకుతున్నట్టు. చివరికి పాఠం మొదలైంది. తెర మీద ఆమె గుడ్డని రెండు మడతలు వేసి, సుద్దతో గీత గీసి, పెదవులు కదిపింది. గొంతు రాలేదు. గీత అయిపోయి కత్తెర చేతిలోకి తీసుకున్నాక వచ్చింది.

"చూశావా," అన్నాడు అన్న, కుర్చీలో వెనక్కి వాలి. "బొమ్మ ముందు, గొంతు వెనక. ఉచితంగా వచ్చేది ఇలాగే ఏడుస్తుంది."

"నీ దాంట్లో అసలు మనిషే రాలేదు. గొంతు దాకా ఎందుకులే బావా."

ఇప్పుడు మీరు అడుగుతారు, ఒకడు ఆమెతో కలిసి పెరిగినవాడు, ఇంకొకడు కలిసి కాపురం చేస్తున్నవాడు, ఒక్కడికైనా తట్టలేదా అని. తట్టలేదు. రోజూ ఎదురుగా మంచినీళ్ళు తాగుతూ ఆమె మాట కోసం ఆగే మనుషులే, తెర మీదకి ఎక్కేసరికి దాన్ని సాఫ్ట్‌వేర్ జబ్బు అన్నారు. చదువుకున్నవాళ్ళు కదా.

గుమ్మం దగ్గర నిలబడి ఆమె ఏదో అంది. అది వచ్చేలోపు మొగుడు నల్ల తెరలో నాలుగు ఆజ్ఞలు కొట్టాడు, అన్న ఫైలుని తన రకంలోకి మార్చడం మొదలుపెట్టాడు. అప్పుడు వినిపించింది: "అది ప్లేయర్ తప్పు కాదండీ, నా గొంతే అంత కదా."

"నువ్వు కాసేపు ఊరుకోవే, ఇక్కడ టెక్నికల్ పని జరుగుతోంది," అన్నాడు మొగుడు.

వంటింట్లోంచి వదిన ఉల్లిపాయలు తరుగుతూ ఆడబడుచుకి వినిపించేలా అంది: "నువ్వెళ్ళి పడుకోమ్మా. వీళ్ళిద్దరూ కలిసి మొన్న ఒక్క పాట పెట్టడానికి మధ్యాహ్నమంతా తీసుకున్నారు. పాట మొదలయ్యేసరికి నాకు వినాలన్న కోరిక చచ్చింది."

అన్న మార్చిన ఫైలులో చెల్లెలి మొహం చపాతీలా వెడల్పయింది, గొంతు అప్పుడూ వెనకే. మొగుడి ప్లేయర్లో గొంతుని ముందుకు జరిపే మీట ఉంది. నొక్కి నొక్కి పెదవులకీ మాటకీ పొత్తు కుదిర్చాడు. మీసం దువ్వుకున్నాడు. పాఠం సగంలోకి వచ్చేసరికి పొత్తు మళ్ళీ చెడింది. అదెక్కడో తెలుసా, అతని ఫోను మోగిన చోట, ఆమెకి చిర్రెత్తిన చోట.

"ఫ్రేమ్ రేటు మారిపోతోంది," అని తేల్చాడతను. ఆ ముక్క వినగానే అన్న కూడా గంభీరంగా తలూపాడు. అర్థం కాని మాట దగ్గర మగవాళ్ళకి వెంటనే సఖ్యత కుదురుతుంది.

సాయంత్రానికి మొగుడు ఫోను మోగిన భాగాన్ని విడిగా సర్దాడు, ఇంకో చోట ఇంకాస్త సర్దాడు. పెదవులు కదిలినప్పుడే మాట పలికే పాఠం ఒకటి తయారైంది. ఎంతైనా ఒకటి మిగిలి ఉండాలని, తీసింది తీసినట్టున్న పాఠాన్ని టీచరు తనే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సంచిలో పడేసింది.

మర్నాడు ముగ్గురూ కంపెనీకి వెళ్ళారు. ఆమె వెళ్ళింది ఉద్యోగం కోసం. వాళ్ళు వెళ్ళింది తమ కంప్యూటర్ల పరువు కోసం, చెరొకటి చంకలో పెట్టుకుని.

కంపెనీ మేనేజరు బేరం తెలిసిన మనిషి. ఎవరేం అడిగినా ముందు "అంత కుదరదండీ" అని మొదలుపెట్టి, తర్వాత ఏమడిగారో వింటాడు. టీచరుతో చాలాసేపు మాట్లాడాడు. ప్రశ్న అడగడం, టీ ఒక గుక్క తాగడం, బల్ల సర్దుకోవడం, జవాబు వినడం. మంచి మర్యాదస్తుడు. తర్వాత పెన్‌డ్రైవ్ తన బల్ల మీది మామూలు కంప్యూటర్లో పెట్టాడు. ఆ ప్లేయర్ ముందు తనని తాను కొత్తగా మార్చుకుంటానంది. మార్చుకుంది. తర్వాత ఈ కంప్యూటర్లో ఉన్న పాటలన్నీ వెతికి పేర్చిపెట్టనా అని అడిగింది. వద్దంటే, పోనీ నాకు ఎన్ని నక్షత్రాలిస్తారంది. ఇంతా అయ్యాక పాఠం వేసింది.

"అరె, గొంతు వెనకబడుతోందే," అన్నాడు మేనేజరు.

"ఆ ప్లేయరే అంతండీ," అన్నారు బావాబావమరుదులు, ఇద్దరూ ఒకేసారి.

ఆ కంపెనీలో ఒక పద్ధతుంది. ఏ పాఠాన్నయినా, ఆ పని బొత్తిగా రానివాడి ముందు పెట్టి చేయిస్తారు. వాడికి వస్తే పాఠం పనికొచ్చినట్టు. మేనేజరు తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయిని పిలిచి, "కుట్టు గురించి ఏమీ తెలియనివాళ్ళు కావాలి, ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆ పిల్ల మెల్లిగా ఆ ఇద్దరి వంకా చూసింది.

ముందు అన్న. అతనికి సర్దిన పాఠం వేశారు, బావ డబ్బాలో. అన్న గుడ్డ మడతవేశాడు, గీత గీశాడు. చెయ్యి చూస్తే మాట పోతోంది, మాట వింటే చెయ్యి పోతోంది. తెర మీద చెల్లెలు "మడత వైపు కత్తెర పెట్టొద్దు" అన్నప్పుడు అతనింకా సుద్ద ఎటు పట్టుకోవాలో చూస్తున్నాడు. అతను మడత దగ్గరికి వచ్చేసరికి తెర మీద పాఠం ఎక్కడికో వెళ్ళిపోయింది. మడత వెంబడి హాయిగా కత్తిరించుకుంటూ పోయాడు. విప్పితే ఒక కాలర్ రావాల్సిన చోట రెండు ముక్కలొచ్చాయి, కుందేలు చెవుల్లా.

"డబ్బా పాఠం," అన్నాడు.

తర్వాత మొగుడు. మేనేజరు కంప్యూటర్లో తీసింది తీసినట్టున్న పాఠం. ఆమె మాట ఇంకా వినిపించలేదు కాబట్టి అతను ఊరికే ఆమె చేతుల్ని చూశాడు. చూసింది చేయడం మొదలుపెట్టాడు. అతని కత్తెర వంపుకి వచ్చేసరికి వెనకనుంచి గొంతు అందుకుంది, గుడ్డని తిప్పు అని. కత్తెర మడతవైపు తిరిగిన క్షణాన "మడత వైపు కత్తెర పెట్టొద్దు" అంది. అతని చెయ్యి టక్కున ఆగింది. ఇంట్లో ఆ గొంతుకి ఎప్పుడూ అంత తొందరగా ఆగలేదు. విప్పితే, చిన్నదో పెద్దదో, ఒకటే కాలర్.

మేనేజరు దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "బాగుంది. పాఠం పనికొస్తుంది. కానీ పెదవులకీ మాటకీ ఈ సింకు ఇలా కుదరదండీ. మీ చేతులు పెట్టుకుంటాం. గొంతు ఇంకో అమ్మాయి చేత చెప్పిస్తాం, పెదవులు కనపడకుండా మెడ కింద నుంచే తీస్తాం. మీకూ శ్రమ తగ్గుతుంది."

"అక్కర్లేదు సార్," అన్నాడు అన్న. "కంప్యూటర్లన్నీ మార్చేసి నాలాంటివి కొనండి, సింకు దానంతటదే వస్తుంది."

"ఫైలే తెరుచుకోని దాంట్లో సింకేమిటి బావా?" అన్నాడు మొగుడు. "సార్, నేను వచ్చి మా సిస్టం వేసి పెడతాను. కాలర్ తీసింది ఎవరో చూశారుగా."

"కాలర్ తీసింది నువ్వైతే, పాఠం వేసింది ఈయన ప్లేయరు," అన్నాడు అన్న. "నీ డబ్బా వేసిన పాఠానికి నాకొచ్చింది ఈ కుందేలు చెవులే."

మేనేజరు ఇద్దరికీ మధ్య వేలు పెట్టి, అసలు ఏ ప్లేయర్ నయం అని అడిగాడు. అడక్కూడని ప్రశ్న. ఇద్దరూ బల్ల మీదకి వంగారు.

ఆ హడావిడిలో టీచరు లేచింది. రెండు చెవుల్నీ, ఒక కాలర్నీ బల్ల మీద పక్కపక్కన పరిచింది. పెదవులు కదిపింది, నింపాదిగా, ఒక్కో మాటా గుడ్డ కొలిచినట్టు. ఎవరూ చూడలేదు. కత్తెర సంచిలో వేసుకుంది, తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంది, వెళ్ళిపోయింది. కోపం బాగా ఉంది కాబట్టి గొంతు ఇంకా బయల్దేరలేదు.

ముగ్గురూ ప్లేయర్ల దగ్గరే ఉండగా, ఖాళీ కుర్చీ పక్కనుంచి వచ్చింది:

"చెవులు తీసింది నా మాట చేత్తోపాటు వచ్చిన పాఠం. కాలర్ తీసింది నా మాట వెనకాల వచ్చిన పాఠం. ప్లేయర్లన్నీ ఒకటే, అన్నీ వేస్టే. నా పాఠం ఉన్నది ఉన్నట్టు వేస్తానంటే రేపట్నుంచి వస్తాను. గొంతు తీసేస్తే చేతులు కూడా రావు. షెడ్డులో గుండీలు కుట్టుకుంటాను."

మేనేజరు అలవాటు కొద్దీ "అంత కుదరదండీ" అన్నాడు. ఖాళీ కుర్చీ ఏమీ అనలేదు. బేరమాడటానికి ఎదురుగా మనిషి ఉండాలి. ఒక మెట్టు దించుదామన్నా, మొహం చూసి ఎంతవరకు లాగొచ్చో అంచనా కడదామన్నా అక్కడ ఎవరూ లేరు. అంత నిక్కచ్చిగా అతనితో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు, ఎందుకంటే అంతసేపు అతను ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

అతను బల్ల మీది రెండు చెవుల్ని చూశాడు. కాలర్ని చూశాడు. కిటికీ తెరిచి తల బయటపెట్టాడు. కింద బస్టాపులో ఆమె నిలబడి ఉంది.

"సరేనమ్మా," అని కేకేశాడు. "ఉన్నది ఉన్నట్టే వేస్తాం. రేపు రండి."

అతని వెనక, గదిలో మొగుడు, "అంటే మరి అది ఫ్రేమ్ రేటు కాదంటావా బావా?" అని నెమ్మదిగా అడుగుతున్నాడు. అన్న మెత్తటి గుడ్డ తీసి, మొదటిసారి, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

ఆమె పైకి చూసి తలూపింది. బస్సు వచ్చింది. ఎక్కుతుండగా ఆమె భుజాలు కదలడం మేనేజరుకి కిటికీలోంచి కనిపించింది.

బస్సు కదిలి మలుపు తిరిగిపోయాక, స్టాపులో ఒక నవ్వు వినిపించింది, గట్టిగా, కడుపుబ్బా. అక్కడ నిలబడ్డ పెద్దాయన చేతిసంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, దానికి చోటిస్తూ పక్కకి జరిగాడు.