మదర్ పిట్ ఒప్పుకోని అధ్యాయం

ఎడమచేతిలో ఏడో పేజీ, కుడిచేతిలో గరిటె. అర్లీన్ బ్యాటిల్ పైకి చదువుకుంటూనే మొక్కజొన్న జావ కలుపుతోంది. అడుగంటిన వాసన వచ్చాక గానీ పొయ్యి సంగతి గుర్తురాలేదు. పొయ్యి ఆపి, ఆపానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసింది. రక్తపోటు మాత్ర వేసుకుందో లేదో కూడా తెలియలేదు. డబ్బాలో ఈ రోజు గడి ఖాళీగా ఉంది కాబట్టి వేసుకున్నట్టే.

ఆమెకు అరవై నాలుగేళ్ళు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు, సాయంత్రానికి వాచిపోయే చీలమండలు. వంటింటి అలమరలో పళ్ళాలు ఒక వరసే. మిగతా మూడు వరసలూ పుస్తకాలు.

ముప్ఫై ఏళ్ళ కిందట, పాస్టర్లని తయారుచేసే సెమినరీలో పాఠాలు చెప్పడానికి చేరిన రోజు కాపలామనిషి ఆమెను వెనక గుమ్మం వైపు పంపి, నీళ్ళ బకెట్ అక్కడుందని చూపించాడు. అంతకు ముందు అక్కడికొచ్చిన నల్ల ఆడవాళ్ళంతా నేల తుడవడానికే వచ్చారు మరి. ఆమె ఆ బకెట్ పక్కనుంచే నడిచి తరగతికి వెళ్ళింది. వెళ్ళి, అప్పటినుంచీ ఒకటే ప్రశ్న అడుగుతోంది. ఏది మంచో ఎంచుకునే వీలున్నవాళ్ళే కదా నీతి గురించి పుస్తకాలు రాసింది, ఆ వీలే లేకుండా ఇతరుల వంటిళ్ళలో బతికిన మన అమ్మలు మంచిగా ఎలా బతికారు? దేవుడి గురించి వాళ్ళు తెలుసుకున్నదేమిటి?

జవాబు కోసం ఆమె లైబ్రరీకి వెళ్ళలేదు. చర్చి వంటింట్లో కూర్చుంది. చర్చిలో అందరూ 'మదర్' అని పిలిచే ఐదుగురు ముసలమ్మల మాటలు విని పుస్తకం రాసింది. దానికి ఒక నియమం పెట్టుకుంది: ఎవరి గురించి రాస్తే వాళ్ళకు చదివి వినిపించాలి, వాళ్ళు సరేనంటేనే ఆ పేజీ గడప దాటాలి. నలుగురు సరేనన్నారు, ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. మిగిలింది మదర్ పిట్. పుస్తకం ఈ సాయంత్రం ఐదింటిలోగా పోస్టులో పడాలి.

రెండింటికి గిలియడ్ చర్చి వంటింట్లో మదర్ పిట్ బీన్స్ కాయలు ఒలుస్తోంది. మర్నాటి భోజనాలకి. ఎనభై మూడేళ్ళ మనిషి, తెల్లగౌను, వంటింట్లో కూడా తలమీద టోపీ. పక్కన మనవరాలు షరీస్ ఐదునెలల పాపని భుజాన వేసుకుని నిలబడింది. పాప పుట్టబోతోందని పదో తరగతిలో బడి మానేసిన పిల్ల. నిమిషానికోసారి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

"అది ఊపిరి తీసుకుంటూనే ఉందే. నువ్వు కూడా కాస్త తీసుకో," అంది మదర్ పిట్.

అర్లీన్ ఎదురుగా కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. పొగాకు వ్యాపారి ఇల్లు. ఆ ఇంటి వంట. వండిన మనిషి మాత్రం వెనక వరండాలో, కుక్క పళ్ళెం పక్కన కూర్చుని తినాలన్న ఇల్లాలు. 'పదకొండేళ్ళు ఆమె నోరు విప్పలేదు. ఆ మౌనం బలహీనత కాదు. అది బండరాయిలాంటి నిబ్బరం. సహనమే ఆమె ఆయుధం.'

మదర్ పిట్ చేతులు ఆగాయి. "ఎవరే ఆవిడ?"

"మీరే కదా, మదర్."

"నేనెందుకవుతాను? అంత గొప్పావిడ మా ఊళ్ళో ఉందని తెలిస్తే వెళ్ళి నాలుగు మంచిమాటలు నేర్చుకునేదాన్ని."

షరీస్ నవ్వు ఆపుకుంది. అర్లీన్ నవ్వలేదు. "నోరు విప్పలేదని మీరే చెప్పారు."

"విప్పలేదన్నాను. సహించానన్నానా?" మదర్ పిట్ ఒక కాయ విరిచింది. "భయమేసిందే, అమ్మాయ్. పొద్దున లేస్తే భయం. పని పోతుందని భయం. నేనొక మాటంటే మా మగపిల్లలు బడినుంచి ఇంటికి రారేమోనని భయం. వరండాలో ముద్ద దిగేది కాదు. రొట్టె జేబులో దాచి పిల్లలకి పట్టుకొచ్చేదాన్ని. ఆ ఇల్లాల్ని ఇప్పటికీ క్షమించలేదు. అది కూడా రాసుకో."

"పుస్తకమంతా ఈ మౌనం మీదే కట్టాను, మదర్."

"నీ పుస్తకం సంగతి నువ్వు చూసుకో. నన్ను బండరాయిని చెయ్యకు. రాయికి నొప్పెయ్యదనుకుంటారు. నా వెనకొచ్చే ఆడపిల్లని కూడా రాయే అనుకుని కొడతారు."

షరీస్ వేలు పాప ముక్కు దగ్గరే ఆగిపోయింది. "నీకు భయమా, నానమ్మా? నాకొక్కదానికే అనుకున్నాను."

"మీ నాన్న గడ్డం గీసుకునే వయసొచ్చినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను," అంది ముసలావిడ.

అర్లీన్ పేజీ వంక చూసింది. ముప్ఫై ఏళ్ళుగా తరగతిలో పిల్లలకి వినండి, వినండి అని చెప్పింది. తను మాత్రం ఒక ఆడమనిషి మౌనం విని, అందులో తనకు నచ్చిన మాట నింపింది. బట్టలుతికి ఉతికి సబ్బునీళ్ళకి చేతులు పగిలిన తన తల్లి గురించి కూడా అలాగే రాసింది. అడగడానికి తల్లి లేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే, మొదటిసారి చర్చిలో నిలబడిన పిల్లకి కలిగే భక్తి లాంటిదేదో కలిగింది. అంత భయంతో, రోజూ, పదకొండేళ్ళు, ఆ వరండాకి నడిచి వెళ్ళింది ఈవిడ.

గోడ ఫోన్ దగ్గరికి వెళ్ళి ఎడిటర్‌తో మాట్లాడింది. "ఈ రోజు పంపను. అందులో తప్పుంది."

"డాక్టర్ బ్యాటిల్, ఇప్పుడు తప్పితే పుస్తకం ఇక వచ్చే ఏడాదికే. అంత పెద్ద తప్పా?"

"నాదే తప్పు. పెద్దదే."

వచ్చి కూర్చుని, కట్టలోంచి తెల్లకాగితం తీసి పెన్సిల్‌తో మళ్ళీ మొదలుపెట్టింది. రాస్తుంటే పెదాలు కదులుతున్నాయి. మదర్ పిట్ బీన్స్ గిన్నె ఒళ్ళో పెట్టుకునే కునికింది. ఐదు దాటింది. షరీస్ తీపి టీ గ్లాసొకటి తెచ్చి, ఫ్యాన్ గాలికి లేస్తున్న కాగితం మీద ఓ మూల పెట్టింది. అర్లీన్ తలెత్తి, "నువ్వూ కూర్చోమ్మా," అంది. పాపకి గుడ్డ మార్చాలని షరీస్ పక్కగదిలోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి అర్లీన్ గడ్డం గుండె మీదికి వాలి ఉంది. షరీస్ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగల్లేదు. అయినా చాలాసేపు వేలు తీయలేదు.

అంబులెన్స్‌కి ఫోన్ చేశాక మదర్ పిట్‌ని లేపింది. ముసలావిడ అర్లీన్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "ఏం రాసిందో చదువు," అంది.

షరీస్ గ్లాసు కదపకుండా, వంగి, కూడబలుక్కుంటూ చదివింది. "'ఆమె భయపడింది. రోజూ భయపడింది. భయపడుతూనే రొట్టె ఇంటికి తెచ్చింది. దీన్ని నేను సహనమన్నాను. నేను పొరబడ్డాను.'"

"అదీ," అంది మదర్ పిట్. "అదీ నేనన్నది. సరే అని చెప్పవే ఆమెకి."

షరీస్ చెప్పింది.

అంబులెన్స్ మనుషులొచ్చారు, అర్లీన్‌ని జాగ్రత్తగా ఎత్తి తీసుకెళ్ళారు. కుర్చీ వెనక్కి జరిగి ఉండిపోయింది. బల్లమీద, ఎవరూ తాగని టీ గ్లాసు కాగితాన్ని పట్టుకునే ఉంది. అందులో ఇంకా కరగని మంచుముక్క ఒకటి మెల్లగా పక్కకి ఒరిగింది.