కోరి తెచ్చుకున్న బహిష్కారం

మూడేళ్ళ తర్వాత భూమేశ్వర్ సత్తవ్వ వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. ఆ మనిషి చెప్పులు విడవడం చూసి సత్తవ్వకు అనుమానం వచ్చింది. ఆరబోసిన పసుపు కొమ్ములను కర్రతో తిరగేస్తున్నదల్లా ఆగింది కానీ కూర్చోమనలేదు. అతని వెనక భార్య కాంతమ్మ, చేతిలో కాగితాల కవరుతో నిలబడింది.

"వదినా, మంచిగున్నవా?" అన్నాడు భూమేశ్వర్.

"నడుస్తున్న గద. కనవడ్తలేదా?"

భూమేశ్వర్ ఆమె కాళ్ళ వైపు చూడలేదు. మోకాళ్ళ కింద నుంచి మడమల దాకా తోలు ముడుచుకుపోయి ఉంటుంది. అమెరికాలో పద్దెనిమిదేళ్ళు ఉండి, నెల రోజులకని ఊరికి వచ్చి, అందరూ దండం పెడుతుంటే రుచి మరిగి, ఆయన గ్రామాభివృద్ధి కమిటీకి పెద్దమనిషై కూర్చున్న సంవత్సరం జరిగిన పని అది.

పొలానికి పోయే దారి ఎవరో మూసేస్తే సత్తవ్వ మొగుడు గంగారాం కమిటీకి చెప్పకుండా ఆర్మూర్ ఠాణాకు పోయాడు. అదే తప్పు. డప్పు కొట్టించి చాటించారు. గంగారాం ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, కూలికి పోవద్దు, ఆటో ఎక్కించొద్దు, మాట్లాడినవాళ్ళు కమిటీకి దండుగ కట్టాలి. బహిష్కారం నెల నిండేదాకా ఎత్తొద్దని, ఎత్తేనాడు తప్పు చేసినవాడు సభలో నిలబడి ఒప్పుకోవాలని కమిటీ పుస్తకంలో రాయించింది భూమేశ్వరే.

అప్పటికే తవ్విన పసుపు కుప్ప పోసి ఉంది. వెంటనే ఉడికించకపోతే పాడవుతుంది. ఉడికించే బాయిలర్ బండి రాలేదు. కూలివాళ్ళు రాలేదు. మొగుడూ పెళ్ళాం అటక మీది పాత కడాయి దించి తామే మొదలుపెట్టారు. మూడో వాయికి కడాయి ఒరిగింది. మరిగే నీళ్ళు సత్తవ్వ కాళ్ళ మీద పడ్డాయి. ఆరు ఆటోలున్న ఊళ్ళో ఒక్కటీ రాలేదు. గంగారాం ఆమెను తోపుడు బండి మీద పడుకోబెట్టి ఆర్మూర్ దవాఖాన దాకా నెట్టుకుంటూ పోయాడు. దారిలో భూమేశ్వర్ కారు వాళ్ళను దాటిపోయింది. ఆగలేదు.

అప్పటి నుంచి సత్తవ్వ దేవుడిని వేరే ఏదీ అడగలేదు. ఇదంతా ఆ మనిషి ఒంటి మీదికి రావాలి, తాను కళ్ళారా చూడాలి. అంతే.

"మేము వాపసు పోవాలె వదినా" అన్నాడు భూమేశ్వర్. "బిడ్డ వినీతకు నెలలు నిండుతున్నయ్."

"పోండి. ఎవలు పట్టుకున్నరు?"

ఎవరూ పట్టుకోలేదు, చిక్కల్లా అదే. వాళ్ళిద్దరికీ అమెరికా గ్రీన్ కార్డులున్నాయి. ఏడాదికి మించి బయట ఉంటే ఆ కార్డుతో లోపలికి రానివ్వరట. మళ్ళీ పోవాలంటే, కావాలని ఉండలేదు, మా చేతిలో లేని కారణం వల్ల చిక్కుకుపోయాం అని సాక్ష్యంతో నిరూపించాలట. మూడు వారాల్లో హైదరాబాద్‌లో ఆఫీసర్ ముందు కూర్చోవాలి. కాగితాలు రాసిపెట్టే ఏజెంటు ఒక కారణం చూపించాడు. ఊరు బహిష్కరించింది, కదలనివ్వలేదు అని. గంగారాం అప్పట్లో కలెక్టర్ ఆఫీసులో ఇచ్చిన ఫిర్యాదుకు ముద్ర ఉంది. దాన్ని జత చేసి, తమతోపాటు భూమేశ్వర్ ఇంటిని కూడా వెలివేశారని గంగారాం, సత్తవ్వ సాక్ష్యం ఇస్తే పని అవుతుంది.

గంగారాం ఆ కాగితాన్ని వేలు పెట్టి చదివాడు. చదివి పెళ్ళాం మొహం చూశాడు.

సత్తవ్వ నవ్వింది. "అంటే బహిష్కారం మాకు గాదు, నీకన్నట్టు."

"కాగితం మీదనే వదినా."

"గట్లయితే గీ కాళ్ళు గూడ నీయే అని రాసుకో. ఫొటో తీస్కుంటవా?"

"ఏం కావాల్నో అడుగు. నీ పొలం దారి రేపే ఇప్పిస్త."

సత్తవ్వ కర్ర మీద గడ్డం ఆనించింది. "దారి మేమే ఇప్పించుకున్నం గని, నాకు కళ్ళతోటి చూడంది చెప్పుడు రాదు. నీ మీద డప్పు కొట్టియ్యి. నేను చూస్త. చూసినంక వేలిముద్ర వేస్త. తారీఖుల ముచ్చట నువ్వూ నీ ఏజెంటూ చూస్కోండి."

భూమేశ్వర్ ముందు తెల్లబోయాడు. తర్వాత మొహం విప్పారింది. కమిటీ పుస్తకంలో నిజం పేజీ, నిజం ముద్ర దొరుకుతాయి. ఇప్పటి పెద్దమనిషి హనుమాన్లు తాను కూర్చోబెట్టినవాడే. రెండు రోజుల్లో ఎత్తించుకోవచ్చు.

"వద్దయ్యా" అంది కాంతమ్మ, మొదటిసారి నోరు విప్పి.

"నీకేం తెలుసు, ఊకో" అన్నాడు.

"తప్పేం రాద్దాం బావా?" అని హనుమాన్లు అడిగితే, "ఏదో ఒకటి రాయరా" అన్నాడట. 'కమిటీని ధిక్కరించినందుకు' అని రాశారు. మరునాడు పొద్దున్నే డప్పు వీధులన్నీ తిరిగింది. సత్తవ్వ అరుగు మీద కూర్చొని మొదటి నుంచి చివరిదాకా విన్నది.

మొదటి రోజు ఊరు నవ్వింది. రెండో రోజు పాలు రాలేదు. మూడో రోజు కిరాణం కొట్టు శెట్టి అతన్ని చూసి షట్టర్ సగం దించాడు. భూమేశ్వర్ పెద్దమనిషిగా ఉన్నప్పుడు దండుగ కట్టని ఇల్లు ఊళ్ళో లేదు. కోళ్ళు రోడ్డు మీదికి వస్తే దండుగ, పెండ్లికి కమిటీని ముందు పిలవకపోతే దండుగ. జనం నవ్వడం మానేసి నోరు మూసుకున్నారు. నోరు మూసుకోవడంలో ఉన్న సుఖం వాళ్ళకు తెలిసింది.

ఐదో రోజు భూమేశ్వర్ హనుమాన్లు గేటు ముందు నిలబడ్డాడు. ఎదురింటి అరుగే సత్తవ్వది.

"అరేయ్, చాలిగ, ఎత్తెయ్! ఉత్తుత్తిదే గదరా!"

హనుమాన్లు కట్టేసిన బర్రె వీపు మీద చెయ్యి వేశాడు. బర్రెతోనే మాట్లాడాడు. "డప్పు ఉత్తుత్తిగ మోగుతదానే? పుస్తకంల పదకొండు సంతకాలు పడ్డయ్. నెల నిండనియ్యి. రూల్ ఎవలు రాపిచ్చిండ్రో యాదికి తెచ్చుకొమ్మను."

"నన్ను చూసి మాట్లాడురా!"

"చూడు, ఎట్ల అరుస్తున్నరో. నువ్వయితే గట్ల అరవవు, బంగారు తల్లివి" అన్నాడు హనుమాన్లు బర్రెతో.

సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలా నవ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

భూమేశ్వర్‌ది ఐదెకరాల పసుపు. డప్పుకు ముందే తవ్వించి కుప్ప పోయించాడు. బాయిలర్ రాలేదు. తొమ్మిదో రోజు గాలి అటు నుంచి మళ్ళింది. ముక్కిన పసుపు వాసన. సత్తవ్వకు తెలిసిన వాసనే. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

"చాలదానే ఇగ?" అన్నాడు గంగారాం. రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడని మనిషి.

"బండి నెట్టిననాడు నీ చేతులు నొయ్యలేదా?"

"నొచ్చినయ్."

"మరి ఊకో."

పద్దెనిమిదో రోజు ఆదివారం. తెల్లారితే హైదరాబాద్‌లో ఆఫీసర్ ముందు ఉండాలి. భూమేశ్వర్ కాగితం, సిరా డబ్బా పట్టుకొని వచ్చాడు. గడ్డం మాసింది. గేటు దగ్గర ఆగి, పిలుపు లేకుండానే లోపలికి వచ్చాడు. వెనకే కాంతమ్మ.

"చూసినవ్ గద వదినా. వేలిముద్ర వెయ్యి."

సత్తవ్వ అతన్ని చూడలేదు. మొగుణ్ణి పిలిచింది. "ఇగో, తెల్లకాగితం తే. నేను చెప్తా, నువ్వు రాయి. భూమేశ్వర్ మీద డప్పు కొట్టంగ చూసిన. పద్దెనిమిది దినాలాయె. ఆయన కోరితెనే కొట్టిండ్రు. అంతకుముందు మూడేండ్లు ఊరందరి మీద డప్పు కొట్టిచ్చింది ఆయనే. ఆయనను ఎవ్వలూ ఆపలే. రాసినవా? తే."

బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద గట్టిగా నొక్కింది. ఆ కాగితాన్ని అరుగు అంచు మీద పెట్టింది.

భూమేశ్వర్ చదివాడు. "గిది ఇస్తే నా పని ఖతమే! మాట తప్పుతవా?"

సత్తవ్వ మొగుడితోనే చెప్పింది. "చూసింది చెప్తనన్న. చూసిందే చెప్పిన. మాట్లాడితే దండుగట, నాకెందుకు."

ఆయన కాగితాన్ని చింపి పారేసి, ఆమెను తిట్టరాని తిట్లు తిట్టి గేటు దాటాడు. కాంతమ్మ కదలలేదు.

"అక్కా" అంది. "నాకోటి రాసియ్యవా?"

సత్తవ్వ ఆమెను తేరిపార చూసింది. ఆనాడు కారులో ఈమె కూడా ఉంది. వెనక్కి తిరిగి, అద్దానికి చెయ్యి ఆనించి, కనబడినంత దూరం చూసింది. అది సత్తవ్వ మరిచిపోలేదు. క్షమించనూ లేదు.

"కారు ఆపుమని నువ్వెందుకనలే?"

"అన్న. చెయ్యి గూడ పట్టుకున్న. ఇంటికి పోయినంక కొట్టిండు." కాంతమ్మ ఏడవలేదు. "నా పాస్‌పోర్టు, నా కార్డు మూడేండ్లు బీరువాల పెట్టి తాళమేసిండు. అడుగుతెనే మొహం మీద ఒకటి. ఇంటర్వ్యూ అని మొన్ననే బయటికి తీసిండు."

సత్తవ్వ కాసేపు పసుపు వైపు చూసింది. ఈమెను ఆపేస్తే భూమేశ్వర్‌కు తోడు మిగులుతుంది. వండిపెట్టే మనిషి, తిట్టుకోవడానికి మనిషి.

"రెండేండ్ల కింద బస్టాండ్ల నీ సూట్‌కేసు గుంజుకపోయి, నిన్ను ఈడ్చుకపోయింది నేను చూసిన" అంది చివరికి. "ఇగో, ఇంకో కాగితం తే. ఈమెను మొగడు పోనియ్యలే అని రాయి. నేను చూసిన అని రాయి."

రోడ్డు మీది నుంచి భూమేశ్వర్ కేక పెట్టాడు. "కాంతా! వస్తవా రావా?"

"పలుకకు చెల్లే" అంది సత్తవ్వ. "దండుగ పడ్తది."

కాంతమ్మ కవర్లోంచి అతని పాస్‌పోర్టు తీసి గోడ మీద పెట్టింది. తన కాగితాలు తాను పట్టుకుంది. గంగారాం ఆమెతో మెయిన్ రోడ్డు దాకా నడిచి, నందిపేట్ నుంచి వచ్చే ఆటో ఎక్కించి వచ్చాడు. ఆ ఆటోవాళ్ళకు ఈ ఊరి డప్పుతో పని లేదు. కాంతమ్మ మళ్ళీ ఊరికి రాలేదు. ఆఫీసర్ సాక్ష్యం కాగితం ఉంచుకున్నాడని, ఇంకా ఏం తేలలేదని ఫోన్ చేసిందట.

నెల నిండింది. కమిటీ కూర్చుంది. భూమేశ్వర్ సభ మధ్యలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"తప్పు ఒప్పుకుంటున్న" అన్నాడు.

"ఏ తప్పు?" అని ఎవరో అడిగారు. ఆయన చెప్పలేకపోయాడు. ఒకాయన లేచి కోళ్ళ దండుగ గుర్తు చేశాడు. ఇంకొకాయన పెండ్లి దండుగ. అలా లేస్తూనే ఉన్నారు, ఎవరి దండుగ వాళ్ళు అతని ముందు పెడుతూనే ఉన్నారు. ఆయన అన్నింటికీ తల ఊపాడు.

అందరి వంతూ అయ్యాక హనుమాన్లు సత్తవ్వ వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ వదినా? ఎత్తేద్దామా?"

సత్తవ్వ కర్ర సాయంతో లేచింది. భూమేశ్వర్ తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో వేడుకోలు ఉంది. ఆమె దాన్ని తొందర లేకుండా, పూర్తిగా చూసింది.

"నా కాళ్ళు మానేటందుకు ఏడు నెలలు పట్టింది" అంది. "గన్ని నెలలు ఉండనియ్యి."

ఎవరూ కాదనలేదు. హనుమాన్లు పుస్తకం తెరిచి రాసుకున్నాడు.