చిటికె ఛానెల్ పసుపు రోజులు

మా తమ్ముడు రవిబాబు గంజాయి కేసులో విశాఖ జైల్లో ఉన్నాడు. పోయిన వానాకాలం నుంచి ఉన్నాడు. నేను అరకులో తెల్లారే బస్సు పట్టుకుని, ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎండలో ములాఖత్ వరసలో నిలబడి లోపలికి వెళ్తే, అద్దం అవతల ఫోను చెవికి ఆనించుకుని వాడు అడిగే మొదటి మాట అమ్మ ఎలా ఉందని కాదు. వకీలు ఏమందని కూడా కాదు. అక్కని మా వైపు పిలిచే పిలుపుతో పిలిచి ఇదే అడుగుతాడు.

"అప్పా, సిటికె ఛానెల్‌కి ఇప్పుడు ఏ గుర్తు పెడతన్నారు?"

ఒళ్ళు మండదా ఎవరికైనా? నాకు మండేది. అయినా చెప్పేదాన్ని. నా పేరు బేబీ, అరకులో ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేసే పని నాది. కొండ కింద నుంచి వచ్చే టూరిస్టులు పిల్లలు గోల చేయకుండా ఆ బొమ్మల ఛానెలే పెట్టి వదిలేస్తారు. అందుకని అది ఇప్పుడెలా ఏడుస్తోందో నాకు తెలుసు. మెరిసే గుండ్రటి మొహం ఒకటి తెర మీదికి దూకి కళ్ళు మిటకరిస్తుంది. చిటికా లేదు, పాడూ లేదు. ప్రతి బొమ్మా అరుస్తుంది. ఆ మాట చెబితే వాడు తల అడ్డంగా ఊపి, "పాడు సేసీసినారు" అనేవాడు. ఎవరో వాడి పొలం దున్నేసుకున్నట్టు బాధపడేవాడు.

వాడి దృష్టిలో మంచి రోజులంటే పసుపు రోజులే. మా చిన్నప్పుడు ఆ ఛానెల్‌లో తెర మూలన పసుపు రంగు చెయ్యి ఉండేది. ఒక బొమ్మ అయిపోయి ఇంకొకటి మొదలయ్యే ముందు అది చిటిక వేసేది. వెంటనే ఒక ఆడపిల్ల గొంతు "ఎవరూ లేవకండి" అనేది. పోస్టు నత్త అని ఒకటి ఉత్తరాలు పంచుతూ తిరిగేది. అది పెళ్ళి కబురు మోసుకెళ్ళేసరికి ఆ పెళ్ళికూతురికి పిల్లలు కూడా పుట్టేసేవారు. ఇనప అమ్మమ్మ అని ఇంకొకటి. మనవలకు జ్వరం వస్తే పొట్టకున్న తలుపు తీసి లోపల వెచ్చగా పడుకోబెట్టుకునేది. తరవాత చెయ్యి పోయి నీలం బంతి వచ్చింది. నత్త పోయి, కత్తులు పట్టుకుని కొట్టుకునే కుర్రాళ్ళు వచ్చారు. నీలం బంతి వచ్చాకే మా బతుకు కూడా చెడిందని రవి గట్టి నమ్మకం.

అప్పట్లో మా ఊళ్ళో టీవీ ఉన్నది సావుకారు వరహాలరావు ఇంట్లోనే. ఆయన కింద నుంచి వచ్చి మా కొండల్లో చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకులు కొనేవాడు. ఎండాకాలం సెలవుల్లో మేం హాస్టలు నుంచి ఇంటికి వచ్చినప్పుడు ఊళ్ళో పిల్లలంతా ఆ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవారు. మమ్మల్ని ఇద్దరినీ, ఇంకొందరినీ మాత్రం లోపలికి రానిచ్చేవారు. సావుకారు కొడుకు ధర్మతేజ మా వాడి ఈడువాడు. రిమోటు తెచ్చి మా వాడి చేతిలో పెట్టేవాడు. మా వాడి జీవితంలో అంత గొప్ప సంగతి అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు.

గంజాయి మూటలు ఇచ్చి పంపింది కూడా ఆ ధర్మతేజే.

ఇది నాకు తెలుసు, మా ఊరికి తెలుసు. పట్టుబడ్డ ముందురోజు సాయంత్రం వాడి కారు మా గుమ్మం ముందు ఆగింది. తెల్లారి రవి అద్దె వ్యానులో సీతాఫలాల బుట్టల కింద మూటలు పెట్టుకుని బయలుదేరాడు. ఏం మూటలో తెలియక కాదు, తెలిసే వెళ్ళాడు, ఆ తప్పు వాడిది. ఘాట్ దిగేచోట పోలీసులు ఆపారు. ఎవరిచ్చారని అడిగితే అంతా నాదే అన్నాడు. సొంతానికి సైకిలు కూడా లేనివాడు వ్యానెడు సరుకు నాదే అన్నాడు.

మా కేసు చూస్తున్న సరళ గారు ప్రభుత్వం ఇచ్చిన వకీలు. మంచావిడ. "ఎవరు పంపారో మీ తమ్ముడు తన నోటితో చెప్పాలమ్మా. చెబితే కూలికి తోలినవాడని వాదించవచ్చు, బెయిలుకి ఏదో ఒక దారి ఉంటుంది. చెప్పకపోతే ఏళ్ళ తరబడి లోపలే. నువ్వు చెబితే చాలదు" అంది. ఇంటి దగ్గర మా అమ్మ అచ్చియమ్మకి చూపు ఆనడం లేదు. చప్పుడైతే చాలు, రవి వచ్చాడా అంటుంది. అందుకని నేను వెళ్ళినప్పుడల్లా అద్దానికి తల ఆనించి ఒకటే పాట పాడేదాన్ని.

"తేజ పేరు సెప్పరా."

"ఆడి పేరెందుకప్పా."

"మరి నిన్నెవులు పంపినారు, పోస్టు నత్త పంపినాదా?"

నవ్వేవాడు. జైల్లో కూర్చుని ఆ పేరు వింటే వాడి మొహం చిన్నపిల్లాడి మొహం అయిపోయేది. "మనోళ్ళందర్నీ కిటికీ కాడ నిలబెట్టినారు. ఆడొక్కడే రిమోటు నా సేతికిచ్చినాడు. ఆడికి కిరికెట్టంటే పేణం. అది మానీసి నాతోపాటు నత్తని సూసేవోడు. అలాటోడ్ని ఎలగ ఒప్పజెప్పీమంటావు?"

"ఆడు నీకోసం ఒక్కపాలైనా ఇక్కడికొచ్చినాడా?"

"రాకూడదు కదా, కేసు ఆడి మీదకి వొచ్చీదా?" అని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇనప అమ్మమ్మ పొట్ట తలుపుకి గడియ కుడివైపా, ఎడమవైపా? ఎడమవైపే అని వాడి వాదన. నేనేమో బస్సుకి టైమవుతోందని గింజుకునేదాన్ని. వాడేమో గడియ దగ్గరే ఉండేవాడు.

అబద్ధం ఎందుకు, ఆ బొమ్మలంటే నాకూ ఇష్టమే. కానీ నాకు వాటితోపాటు చింతపండు కూడా గుర్తుంది. లోపలికి వెళ్ళిన పిల్లల ఒళ్ళో ఒక్కొక్క బుట్ట పెట్టేవారు. పెంకు ఒలిచి, ఈనెలు లాగి, చాకుముక్కతో చీల్చి పిక్కలు తీయాలి. కళ్ళు తెర మీద, చేతులు బుట్టలో. సాయంత్రానికి గోళ్ళ చుట్టూ చర్మం పులుపుకి ఉబ్బిపోయేది. రవికి అదేం పట్టలేదు. ఎప్పుడైనా గుర్తు చేస్తే, "ఊరికే కూకోలేక తీసేవోళ్ళం" అనేవాడు.

ఒకరోజు ఇక ఓపిక చచ్చి నేనే ధర్మతేజ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళు అరకులోనే ఉంటున్నారు, పెద్ద మేడ. హాల్లో గోడంత టీవీలో ఆ గుండ్రటి మొహం గంతులు వేస్తోంది. తేజ కూతురు కాబోలు, సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటోంది. టీవీ వైపు చూసేవాళ్ళే లేరు.

"ఏటి బేబీ, ఇలగొచ్చావు?" అన్నాడు తేజ. గొంతు మెత్తగానే ఉంది గాని కళ్ళు నా చేతుల వైపు, గుమ్మం వైపు తిరిగాయి. "మీ తమ్ముడి సంగతి విన్నాన్లే. కుర్రాళ్ళు పాడైపోతన్నారు."

చెప్పు తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. మూటల మాట ఎత్తితే ఆ మనిషి నోరు మూతపడుతుందని తెలుసు. అందుకని టీవీ వైపు చూస్తూ, "సిన్నప్పుడు మీ ఇంట్లో ఈ ఛానెల్ సూసేవోళ్ళం బాబూ, గుర్తుందా?" అన్నాను.

భయం తీరిపోయినవాడు నవ్వినట్టు నవ్వాడు. "ఎందుకు గుర్తుండదు, నా మేచీలన్నీ పాడు చేసింది అదే కదా. బొమ్మలు పెడితే పిల్ల గుంటలు కదలకుండా కూకుని పిక్కలు తీసేవోరు. నేకపోతే ఒక్కడూ ఆగేవోడు కాదు, తోటల్లోకి పరిగెట్టీవోరు. మా నాన్న బుర్రే బుర్ర. రిమోటు ఆళ్ళకిచ్చీ అని నా నెత్తి మీద మొట్టేవోడు. ఆ నత్తని సూస్తే ఇప్పటికీ నాకు మంట."

"రిమోటు ఎవులికిచ్చేవోరు బాబూ?"

"ఎవడో ముందు కూకున్నోడికి."

"మా రవికి."

"మీ తమ్ముడు కూడా ఒచ్చేవోడా?" అన్నాడు. నటించలేదు. నటన అయితే నాకు తెలిసిపోయేది. నిజంగానే కనుబొమలు ముడిచి ఆలోచించాడు, దొరకలేదు, వదిలేశాడు.

నాకు ఇంకొకటి కూడా తేల్చుకోవాలనిపించింది. "నీలం బంతి వొచ్చినాక మరి మమ్మల్ని పిలవనేదు."

"బంతేటి?" అన్నాడు. "నాన్న చింతపండు మానీసి మిరియాల యాపారంలోకి దిగాడు కదా ఆ ఏడు. ఇంకెందుకు మీరు?"

మెట్లు దిగుతుంటే నాకు ఏడుపు రాలేదు, సంతోషం వేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. రవి నోరు విప్పించే మందు దొరికిందని గబగబా నడిచాను. ఆ వారమే విశాఖ బస్సెక్కాను.

వాడు అలవాటుగా ఫోను తీసి గుర్తు సంగతి అడగబోయాడు. అడగనివ్వలేదు. తేజ అన్నవన్నీ అన్నట్టే చెప్పాను. మొట్టికాయ చెప్పాను, మేచీలు చెప్పాను, మిరియాలు చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. అద్దం అవతల వాడు నా పెదాలు చూస్తూ కూర్చున్నాడు.

"నత్తంటే మంటన్నాడా?" అన్నాడు చివరికి.

"అన్నాడు."

"నాను గుర్తే లేనా ఆడికి?"

"ముందు కూకున్నోడికి ఇచ్చేవోడినన్నాడు."

వాడు ఫోను చెవి దగ్గర నుంచి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఇవతల హలో హలో అంటున్నాను. పక్కన ఎవరో ఆడమనిషి తన మొగుడికి నాగలి ఎక్కడ పెట్టిందో చెబుతోంది. వాడు మళ్ళీ ఫోను ఎత్తి, "వకీలమ్మని రమ్మను" అన్నాడు. అంతే, లేచి వెళ్ళిపోయాడు. టైము ఇంకా ఉంది. ఎప్పుడూ గార్డు వచ్చి భుజం తడితే గాని లేవనివాడు.

రవి పేరు చెప్పాడు. సరళ గారు కాగితాలు వేసింది. ధర్మతేజని పిలిచి అడిగారని, వాళ్ళ మేడ ముందు జీపు ఆగిందని ఊళ్ళో గుసగుసలు. బెయిలు ఈ వాయిదాకి కాకపోతే పై వాయిదాకి రావచ్చని వకీలమ్మ అంటే, మా అమ్మ కనిపించని కళ్ళతోనే పొయ్యి దగ్గర చేతులు జోడించింది. నేను గెలిచాననే అనుకున్నాను.

ఇంతలో లాడ్జిలో ఒక గది ఊడుస్తుంటే చిటిక వినిపించింది. టూరిస్టులు టీవీ ఆపకుండా బొర్రా గుహలకు పోయినట్టున్నారు. తల ఎత్తి చూస్తే తెర మూలన పసుపు చెయ్యి. ఛానెల్ పుట్టినరోజట, ఈ వారమంతా పాత బొమ్మలు పాత గుర్తుతోనే వేస్తారట. ఆ ఆడపిల్ల గొంతే, ఎవరూ లేవకండి అంది. పోస్టు నత్త సంచి తగిలించుకుని గోడ ఎక్కడం మొదలుపెట్టింది. నేను చీపురు పట్టుకుని వాళ్ళ మంచం అంచున కూలబడి అంతా చూశాను. ఇనప అమ్మమ్మ కూడా వచ్చింది. పొట్ట తలుపు గడియ ఎడమవైపు ఉంది. ఈ కబురు రవికి చెబితే ఎలా వెలిగిపోతాడో అనుకుంటే, నెలల తరవాత మొదటిసారి జైలుకు పోవడం పండగలా అనిపించింది.

ములాఖత్‌లో వాడు ఫోను ఎత్తి, "వకీలమ్మ ఏటన్నాది?" అన్నాడు.

ఇన్నాళ్ళూ వాడు ఆ మాట ఎప్పుడు అడుగుతాడా అని నేను తపించిపోయాను. వాయిదా సంగతి చెప్పాను. తల ఊపాడు. అమ్మ కంటికి ఆపరేషన్ మాట అడిగాడు, పైకప్పు రేకులు మార్చారా అని అడిగాడు. అన్నీ పద్ధతిగా అడిగాడు. చిక్కిపోయాడు. నాకు ఆత్రం ఆగలేదు.

"రవీ, పసుపు సెయ్యి మళ్ళీ వొచ్చినాదిరా. నత్త వొచ్చినాది. అమ్మమ్మకి గడియ ఎడమపక్కే, నువ్వు సెప్పిందే నిజం."

వాడు తన చేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. "మనకి రోజుకెన్ని బుట్టలు ఇచ్చేవోరప్పా?"

"బుట్టలెందుకురా ఇప్పుడు. నత్త, సంచి తగిలించుకుని గోడెక్కినాది, ఆ అమ్మాయి గొంతు అలగే..."

"నాకు బొమ్మలు గుర్తు రావట్నేదు" అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "కళ్ళు మూస్తే సింతపండే అవుపడతంది. సిన్న గుంటడ్ని, నా ఒళ్ళో బుట్ట నా తలంత ఎత్తుంది. నువ్వు సెప్పీదానివి కదా, నానే ఇననేదు."

నేను మళ్ళీ చెప్పాను. నత్త సంగతి, పెళ్ళికూతురి సంగతి, ఒక్కొక్కటే గుర్తు చేశాను. చేతనైనట్టు ఆ ఆడపిల్ల గొంతు కూడా అనుకరించాను. పక్క వరస వాళ్ళు తిరిగి చూశారు. వాడు మర్యాదకి వింటున్నాడు, చుట్టం చెప్పే కబురు విన్నట్టు. అంతా అయ్యాక, "బేగి ఎల్లు అప్పా, బస్సు పోద్ది" అన్నాడు.

బయటికి వచ్చి రోడ్డు మీద ఎండలో నిలబడి ఏడ్చాను. తమ్ముడిని పట్టుకుపోయిన రోజున కూడా నేను అంత ఏడవలేదు.